రంగులు పులిసే కుండలు

అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి బేగంబజార్ వైపు నాలుగడుగులు వేస్తే ముందు ముక్కుకు పని పడుతుంది. జీలకర్ర, ఎండుమిర్చి, సోంపు, యాలకులు. ఆ తర్వాత కళ్లకు. హోల్‌సేల్ కిరాణా కొట్లలో ఎసెన్స్ సీసాల పక్కన అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బీలు దొంతరలుగా ఉంటాయి. వాటిలో పొడి రంగులు. కొనడానికి వచ్చిన వంటమాస్టరు వాటిని రసాయనం పేరుతో అడగడు. జిలేబీ రంగు, బిర్యానీ రంగు, కేసరి రంగు అంటాడు. మూత తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టినంత తీసి పాకంలో వేస్తే, గరిటె ఒక్కసారి తిప్పేసరికి గంగాళం మొత్తం నారింజ రంగుకు తిరుగుతుంది.

ఆ చిటికెడు స్థానంలోకి బూజులు, ఈస్టులు, నాచులు చేసి పెట్టే రంగు రాగలదా? వస్తే అది మేలేనా? ఈ అధ్యాయం ఆ రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది.

ఐదో నిజాం అఫ్జల్ ఉద్ దౌలా ధాన్యం వర్తకులకు ఈ నేల ఇచ్చాడు కనుక ఇది అఫ్జల్‌గంజ్ అయింది. ఆయన గద్దెనెక్కింది 1857లో. సరిగ్గా దానికి ముందటి ఏడాది, లండన్‌లో పద్దెనిమిదేళ్ల విలియం పెర్కిన్ మలేరియా మందు క్వినైన్‌ను బొగ్గుతారు పదార్థాల నుంచి చేయబోయి, దానికి బదులు ఒక ఊదారంగు చేశాడు. తారు రంగుల యుగం అలా మొదలైంది. ముందు పట్టుబట్టలకు అంటిన ఆ రంగులు కొన్ని దశాబ్దాల్లోనే మిఠాయికీ వెన్నకూ పాకాయి. అంతకుముందు వంటింటి రంగులంటే పసుపు, కుంకుమపువ్వు, జాఫ్రా గింజలు, మాడ్చిన చక్కెర. వాటితో పోలిస్తే తారు రంగు చవక, చిక్కన. వేడికి ఓర్చుకుంటుంది, నెలలు గడిచినా వెలవెలబోదు. వ్యాపారికి ఇంతకన్నా ఏం కావాలి?

మన దేశంలో ఆహారంలో వాడదగ్గ కృత్రిమ రంగులు ఎనిమిదే. ఎరుపుకు మూడు, పసుపుకు రెండు, నీలానికి రెండు, ఆకుపచ్చకు ఒకటి. వీటిని వేయదగ్గ పదార్థాల జాబితా వేరే ఉంది. ఎక్కువ పదార్థాల్లో పరిమితి కిలోకు 100 మిల్లీగ్రాములు, అంటే గ్రాములో పదో వంతు. వేళ్ల మధ్య పట్టే పొడి ఎన్ని మిల్లీగ్రాములో ఆ వేళ్లకు తెలియదు. డబ్బీలోని పొడిలో అసలు రంగు ఎంత, ఉప్పో డెక్స్‌ట్రినో ఎంత అన్నదీ తెలియదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయాలి. చెర్రీ ఎరుపునిచ్చే ఎరిత్రోసిన్‌ను తీసుకుందాం. అంతర్జాతీయ నిపుణుల సంఘం దానికి పెట్టిన రోజువారీ హద్దు శరీరం బరువులో కిలోకు 0.1 మిల్లీగ్రాము. ఇరవై కిలోల పిల్లవాడికి రోజుకు 2 మిల్లీగ్రాములు. కిలోకు 100 మిల్లీగ్రాములు కలిసిన మిఠాయిలో ఆ 2 మిల్లీగ్రాములు 20 గ్రాముల్లోనే ఉంటాయి. 20 గ్రాములంటే రెండు మూడు చిన్న ముక్కలు. చట్టం గీత దాటని మిఠాయి సంగతే ఇది.

కాగితం మీద లెక్క నిజం పిల్లల్లో ఎలా ఉంటుందో చూసిన వాళ్లు హైదరాబాద్‌లోనే ఉన్నారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై 1958లో ఈ నగరానికి తరలివచ్చింది. ఆ సంస్థ పరిశోధకులు నగరంలోని ఒకటి నుంచి పద్దెనిమిదేళ్ల వయసు వాళ్లు రంగు వేసిన పదార్థాలు ఎంతెంత తింటున్నారో కొలిచి 2004లో ప్రచురించారు. అనుమతి ఉన్న ఎనిమిది రంగుల్లో ఆరు వాళ్ల తిండిలో కనిపించాయి. టార్ట్రజీన్, సన్‌సెట్ యెల్లో, ఎరిత్రోసిన్ విషయంలో కొందరు హద్దు దాటారు. ఎరిత్రోసిన్‌లో కొందరి మోతాదు హద్దుకు రెండు నుంచి ఆరు రెట్లు ఉంది. పండగల రోజుల్లో పిల్లల కడుపులోకి వెళ్లే రంగుల మీద కూడా ఆ బృందం విడిగా అధ్యయనం చేసింది. మన పండగకు మిఠాయి లేకుండా ఎలా గడుస్తుంది? అందుకే ఈ అంకెలు మన ఇంటి అంకెలు.

ఎరిత్రోసిన్‌నే అమెరికా 2025 జనవరిలో ఆహారం నుంచి తొలగించాలని ఆదేశించింది. మగ ఎలుకల్లో థైరాయిడ్ కణుతులు కనిపించడం దానికి ఆధారం. మనుషుల్లో అదే తీరున జరుగుతుందన్న సాక్ష్యం లేదని ఆ ఆదేశంలోనే చెప్పారు. భయపెట్టడానికి ఈ ముక్క ఎత్తలేదు. ప్రపంచమంతటా పెద్ద ఆహార సంస్థలు తారు రంగులకు ప్రత్యామ్నాయం వెతుకుతున్నాయి, ఆ వెతుకులాట పులియబెట్టే తొట్టెల దగ్గరికి చేరింది అని చెప్పడానికే.

పులియబెట్టి రంగు తీయడం తెలుగువాళ్లకు కొత్త విద్య కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారి ఇంటి పెరట్లో ఒక మట్టికుండ ఉంటుంది. అందులో తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు. మూత పెట్టి రెండు మూడు వారాలు వదిలేస్తారు. సూక్ష్మజీవులు బెల్లాన్ని తిని ఆమ్లాలు వదులుతాయి. ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. వడగట్టిన ఆ నీటిని కసిం అంటారు. కుండలో అది నల్లగా ఉండదు. కరక్కాయ, గేదెపాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద కలంతో గీత గీస్తే, కరక్కాయలోని వగరుతో ఇనుము కలిసి గీత అప్పటికప్పుడు నల్లబడుతుంది. అది గుడ్డ రంగు, తిండి రంగు కాదు. కానీ సూక్ష్మజీవికి మేత వేసి, వెచ్చగా ఉంచి, ఓపిక పట్టి, అది వదిలిన దాన్ని వాడుకోవడమన్న పద్ధతి మాత్రం ఒక్కటే. ఇడ్లీపిండికీ అదే, స్టీలు తొట్టెకూ అదే.

అసలు బూజుకు రంగెందుకు? కొన్నిటికి ఎండ నుంచి, ఆక్సిజన్ దెబ్బ నుంచి కాపు. కొన్నిటికి పక్క జీవిని తరిమే ఆయుధం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ మందుల సంస్థ పరిశోధనలకు సారథ్యం వహించిన కాలంలో, అక్కడ బెంజమిన్ దుగ్గర్ ఒక మట్టి నమూనా నుంచి బంగారు ఛాయ సూక్ష్మజీవిని వేరు చేశాడు. అదిచ్చిన మందు 1948లో ఆరియోమైసిన్ పేరుతో లోకానికి తెలిసింది. ఆ పేరులోనూ బంగారమే ఉంది. అప్పటి నుంచీ తొట్టెల్లో మందులు పండించడం పెద్ద పరిశ్రమ అయింది. రంగులు పండించడం ఆ దారిలోనే వచ్చిన చెల్లెలు.

పసుపుతో మొదలుపెడదాం. గట్టిగా తోడుకున్న పెరుగులో గరిటెతో ఒక గుంట తీసి వదిలేస్తే కాసేపటికి అందులో తేట ఊరుతుంది. ఆ తేటను గాజు గ్లాసులోకి వంపి కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. ఆకుపచ్చ జీర ఉన్న లేత పసుపు. ఆ రంగు రైబోఫ్లేవిన్‌ది, అంటే బి2 విటమిన్‌ది. బీకాంప్లెక్స్ మాత్ర వేసుకున్న రోజు మూత్రం చిక్కటి పసుపుగా రావడం కూడా దాని వల్లే. పాలలో తొలుత గుర్తించినందుకు దాన్ని లాక్టోఫ్లేవిన్ అనేవారు. మన ఆహార నిబంధనల్లోని సహజ రంగుల జాబితాలో ఇప్పటికీ రెండు పేర్లూ ఉన్నాయి.

ఈ విటమిన్‌ను కుప్పలుగా చేసే బూజు చరిత్ర పత్తిరైతుకు చేదుగా ఉంటుంది. 1926లో ఆష్బీ, నోవెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెస్టిండీస్ పత్తికాయల్లో దూదికి మరక పట్టించే ఒక తెగులును వర్ణించారు. రసం పీల్చే ఎర్ర పురుగులు మోసుకొచ్చే ఆ బూజుకు తర్వాత ఆష్బియా గాసిపీ అని పేరొచ్చింది. గాసిపియం అంటే పత్తి. అది తనకు అక్కర ఉన్నదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ రైబోఫ్లేవిన్ చేసి పారేస్తుంది. దాని తంతువులే పసుపెక్కుతాయి. జర్మనీ సంస్థ బీఏఎస్‌ఎఫ్ 1990లో ఆ బూజుకు నూనె మేతగా వేసి రైబోఫ్లేవిన్ తీయడం మొదలుపెట్టింది. ఆరేళ్లు రెండు పద్ధతులూ పక్కపక్కన నడిపి, 1996లో రసాయన పద్ధతిని మూసేసింది. ఎంచి మెరుగుపరచిన రకాలు లీటరు ద్రవంలో పదిహేను గ్రాములకు పైగా ఇస్తాయి. రంగు పండించే తొట్టె రసాయన కర్మాగారాన్ని ధరలో ఓడించగలదని తేల్చిన ఉదాహరణ ఇది. పొలంలో శత్రువైనది ఫ్యాక్టరీలో కూలికి కుదిరింది.

నారింజ రంగు కథ మరీ ముచ్చటైనది. బ్లేక్‌స్లియా ట్రైస్పోరా అనే బూజులో రెండు రకాలుంటాయి. ఆడ, మగ అనడానికి లేదు, చూపుకు రెండూ ఒకటే. అందుకని ప్లస్, మైనస్ అంటారు. బూజుల్లో ఈ జంటల సంగతి 1904లో బయటపెట్టిన ఆల్బర్ట్ బ్లేక్‌స్లీ పేరే దీనికి పెట్టారు. విడివిడిగా పెంచితే ఒక్కోటి కొద్దిపాటి బీటా కెరోటిన్ చేసి ఊరుకుంటుంది. ఒకే తొట్టెలో కలిపితే ఒకదాని సంకేతం ఇంకొకటి పూరించి, ట్రైస్పోరిక్ ఆమ్లాలు తయారవుతాయి. ఆ ఆమ్లాలు కెరోటిన్ పనిని రెట్టింపుల మీద రెట్టింపులు పెంచుతాయి. ఒక్క మాటలో, పెళ్లి జరిగితేనే తొట్టె ఎర్రబారుతుంది. ఐరోపా సమాఖ్య శాస్త్ర కమిటీ 2000లో ఈ బూజు కెరోటిన్‌ను పరిశీలించి ఆహారంలో వాడొచ్చని చెప్పింది.

బీటా కెరోటిన్ క్యారెట్‌లోనూ ఉంది, ఉప్పునీటి నాచులోనూ ఉంది. రసాయన కర్మాగారంలోనూ చేస్తారు, మార్కెట్‌లో సింహభాగం దానిదే. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న దివిస్ ల్యాబొరేటరీస్ కూడా కెరోటినాయిడ్లు చేసి దేశదేశాలకు అమ్ముతోంది. అణువు ఎక్కడ పుట్టినా బీటా కెరోటిన్ బీటా కెరోటినే. దాంతోపాటు ఇంకేం వచ్చిందన్నదే తేడా. ఈ మాట గుర్తుంచుకుంటే రాబోయే ఎరుపు కథ బాగా అర్థమవుతుంది.

ఎరుపు బియ్యం గురించి చైనాలో శతాబ్దాలుగా తెలుసు. సాంగ్ యింగ్‌షింగ్ 1637లో వెలువరించిన చేతిపనుల గ్రంథంలో దాని తయారీ ఉంది. బియ్యం నానబెట్టి ఆవిరి మీద ఉడికించి, మెతుకు మెతుకు విడిపడేలా ఆరబెడతారు. దాని మీద మొనాస్కస్ బూజు బీజాలు చల్లి, మన వేసవి రాత్రి వెచ్చదనంలో, ముప్పై డిగ్రీలకు అటూ ఇటూ ఉంచుతారు. ముందు మెతుకు మీద తెల్లటి నూగు. తర్వాత నారింజ. ఉండకట్టకుండా కలియబెడుతూ, ఆరిపోతే నీళ్లు చిలకరిస్తూ ఉంటే, రెండో వారం దాటేసరికి మెతుకు విరిచినా లోపలిదాకా ముదురు ఎరుపే. ఆరబెట్టి పొడి చేస్తే సారాయికీ, మాంసానికీ, సోయాపనీరుకూ రంగు.

నారింజ ఎరుపుగా మారడంలో చూడముచ్చటైన రసాయనం ఉంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసిన చేతులకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పారాణిలో రంగు మారేది క్షారం వల్ల. మొనాస్కస్‌లో మారేది నైట్రోజన్ వల్ల. బూజు ముందు చేసేది నారింజ అణువు. దానికి అమైనో ఆమ్లం తగిలితే, అణువులోని ఒక ఆక్సిజన్ స్థానంలో నైట్రోజన్ వచ్చి కూర్చుంటుంది, రంగు ఎర్రబారుతుంది. అందుకే మేతలో ఏ నైట్రోజన్ పదార్థం వేశారు, పులుపు ఎంత ఉంచారు అన్నదాన్ని బట్టి ఒకే బూజు నారింజో ఎరుపో ఇస్తుంది. బియ్యమే కానక్కర్లేదు. తిరువనంతపురంలోని సీఎస్‌ఐఆర్ ప్రయోగశాల పరిశోధకులు పనసగింజల పిండి మీద దీన్ని పెంచి రంగు తీసి 2006లో ప్రచురించారు.

తెలంగాణ, ఆంధ్ర రైస్‌మిల్లుల్లో నూకలకు కొదవ లేదు కదా, ఇంకేం, మొదలుపెట్టొచ్చుగా అనిపిస్తుంది. ఇక్కడే ఆగాలి.

1979లో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో ఈ బూజు జాతిలోనే కొలెస్ట్రాల్‌ను తగ్గించే మొనాకొలిన్ కె అనే పదార్థాన్ని కనుగొన్నాడు. ఇప్పుడు డాక్టర్లు రాసే లోవాస్టాటిన్ అదే అణువు. అంటే ఎర్రబియ్యంలో మందు కూడా ఉండొచ్చు. కూరకు రంగు వేసుకున్నవాళ్లు తెలియకుండా మందు మింగడం ఎంతమాత్రం మంచిది కాదు. 1995లో ఫ్రాన్స్ పరిశోధకులు ఇంకో సంగతి తేల్చారు. మొనాస్కస్ సిట్రినిన్ అనే విషాన్ని కూడా చేస్తుంది, అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఎర్రబియ్యం మాత్రల్లో సిట్రినిన్ హద్దును ఐరోపా సమాఖ్య 2019లో కిలోకు 2000 మైక్రోగ్రాముల నుంచి 100కు దించింది. ఆహార రంగుగా మొనాస్కస్‌కు ఐరోపాలోగానీ అమెరికాలోగానీ అనుమతి లేదు. మన 2011 ఆహార నిబంధనల సహజ రంగుల జాబితాలోనూ అది లేదు. ఆ జాగ్రత్త సబబే.

సబబని 2024లో జపాన్ చూపించింది. కొలెస్ట్రాల్ తగ్గడానికని ఎర్రబియ్యం మాత్రలు వాడిన వందలాది మంది మూత్రపిండాల జబ్బుతో ఆస్పత్రుల్లో చేరారు. కొబయాషి ఫార్మాస్యూటికల్ మార్చిలో ఆ మాత్రలను వెనక్కి తీసుకుంది. దర్యాప్తులో బయటపడింది సిట్రినిన్ కాదు. ప్యూబెరులిక్ ఆమ్లం. ఎర్రబియ్యం పెంచే చోట చొరబడిన నీలిబూజు దాన్ని చేసింది. ఆ సంస్థ దగ్గర ఎర్రబియ్యం కొని వాడుకున్న ఇతర ఆహార తయారీదారులు కూడా తమ సరుకు వెనక్కి తెచ్చుకోవలసి వచ్చింది. ఇడ్లీపిండి గిన్నె మీద ఒక మూల నల్లమచ్చ కనిపిస్తే గృహిణి గిన్నె మొత్తం పారబోస్తుంది. టన్నుల లెక్కన పెంచే చోట ఆ మచ్చను కన్ను పట్టలేదు. ప్రతి విడతనూ యంత్రంతో పరీక్షించాలి. సహజం అన్న మాట ఆ పరీక్షకు బదులు కాదు.

దీనికి విరుగుడు కూడా శాస్త్రమే వెతుకుతోంది. సిట్రినిన్ చేసే జన్యువులను తీసేసిన మొనాస్కస్ రకాలు ప్రయోగశాలల్లో ఉన్నాయి. రంగు జన్యువులను మాత్రం ఎత్తి, ఏ విషమూ చేయని సూక్ష్మజీవిలో పెట్టడం ఇంకో దారి. కార్మైన్ అనే ఎరుపును దక్షిణ అమెరికాలో బొమ్మజెముడు మీద బతికే పురుగులను ఎండబెట్టి తీస్తారు. కిలో ఎండు సరుకుకు లక్షకు పైగా పురుగులు కావాలి. 2018లో డెన్మార్క్ పరిశోధకులు ఆ రంగు ఆమ్లాన్ని ఒక బూజు చేత చేయించారు. 2021లో కొరియా శాస్త్రవేత్తలు ఇ.కోలై బ్యాక్టీరియా చేత గ్లూకోజు నుంచే చేయించారు. బేగంబజార్‌లో శాకాహారం తప్ప ముట్టని వ్యాపార కుటుంబాలు ఎన్నో. పురుగు ప్రమేయం లేని కార్మైన్ అంటే వాళ్లకు చిన్న విషయం కాదు.

నీలం మాత్రం అందరినీ ఏడిపించింది. స్పిరులినా నాచు నీలం ఐస్‌క్రీముకు బాగుంటుంది కానీ వేడి తగిలినా పులుపు తగిలినా చెడుతుంది. వేడి ఊటల పులుపు నీళ్లలో బతికే గాల్డియేరియా అనే నాచు నుంచి తీసిన నీలం పులుపును తట్టుకుంటుంది. చీకట్లో, చక్కెర మేత మీద, మూసిన తొట్టెలో పెరగడం ఆ నాచుకు చేతనవును. అమెరికా 2025 మేలో దానికి అనుమతి ఇచ్చింది.

ఇంత చెప్పుకున్నా, అఫ్జల్‌గంజ్ డబ్బీలోని పొడి రేపే మారిపోదు. జిలేబీ పాకం మరుగుతుంది, అద్దాల బీరువాలో మిఠాయి మీద రోజంతా లైటు పడుతుంది. రైబోఫ్లేవిన్ వెలుతురుకు విరిగిపోతుంది. కెరోటిన్ నీళ్లలో కరగదు, పాకంలో కలవాలంటే ముందు దాన్ని సన్నటి తుంపరగా మార్చాలి. తొట్టె నుంచి రంగును వేరు చేసి శుద్ధి చేయడానికే ఖర్చులో పెద్ద భాగం పోతుంది. అయినా ఈ పని హైదరాబాద్ చేయదగ్గది. తొట్టెల్లో మందులు పండించడం తెలిసిన చేతులు ఈ నగరంలో ఉన్నాయి, తిండిలో విషాన్ని మైక్రోగ్రాముల్లో పట్టే ప్రయోగశాలలు ఉన్నాయి, రంగు కొనే అంగడీ ఇక్కడే ఉంది. ఈ ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టాలి.

అందాకా పాఠకులు చేయగలిగిన పని ఒకటుంది. రంగు డబ్బీగానీ, బిస్కెట్ ప్యాకెట్‌గానీ, జెల్లీగానీ కొనేటప్పుడు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న ఐఎన్‌ఎస్ అంకె చదవండి. 102 టార్ట్రజీన్. 110 సన్‌సెట్ యెల్లో. 127 ఎరిత్రోసిన్. 101 రైబోఫ్లేవిన్. 160ఎ బీటా కెరోటిన్, దాని పక్కన బ్రాకెట్‌లో చిన్న రోమన్ అంకె కూడా ఉంటుంది. ఒకటి అయితే కర్మాగారంలో చేసినది, రెండు అయితే మొక్కల నుంచి, నాలుగు అయితే నాచు నుంచి తీసినది. మూడు ఉంటే ఆ రంగు ప్లస్, మైనస్ బూజులు రెండూ కలిసి కాపురం చేసిన తొట్టెలో పుట్టింది.